గీటు వెలుపలి గొంతుక

యలమంచిలి నుండి ఒక అమ్మమ్మగారు మాకు జాబు వ్రాసినారు. వారి కుమార్తెయు అల్లుడును అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున కాపురమున్నారు. మనుమడు అచ్చటి పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచు ఫుట్‌బాల్ ఆడుచున్నాడట. అది మనమెఱిగిన కాలిబంతి కాదు. బంతిని చేతబట్టి పరుగెత్తుచు, విసరుచు, ఒకరిపై నొకరు పడి ఆడు అమెరికా ఫుట్‌బాల్. అందు మనుమనిది క్వార్టర్‌బ్యాక్ అను స్థానము. కుమార్తె సెల్‌ఫోనులో పంపిన ఆటను అమ్మమ్మగారు చూచినారు. వారి మాటలనే ఇచ్చట ఇచ్చుచున్నాము.

"పిల్లవాడు ప్రతిసారియు గీటు వెలుపల నిలిచిన మాస్టరుగారి వంక చూచును. పిమ్మట తన మణికట్టు చూచుకొనును. అటుపిమ్మట గాని ఆడడు. పొరపాటు జరిగినచో ఆయన కేకలు వేయును, వీడు తల వంచుకొనును. మా చెంతనున్న ఏటికొప్పాకలో లక్కబొమ్మ తరిమెనమీద తిరిగినట్లు వీడు తిరుగుచున్నాడు. వీడు ఆడుచున్నాడా, ఆయన ఆడించుచున్నాడా? వీని తల్లి చిన్ననాడు మా వీధిలో ఏడుపెంకులాట ఆడినప్పుడు ఎవరు నేర్పినారు? మాస్టరు చెప్పినట్లే వినుమని వ్రాయనా, నీ బుద్ధితో ఆడుమని వ్రాయనా?"

జాబు చదివినప్పుడు మాకు నవ్వు వచ్చినది గాని, మరల చదువగా నవ్వు పోయినది. వేసవి వచ్చిన దనగా మన పట్టణములలోను పిల్లలను ఏదో యొక ఆటల శిబిరమునకు పంపుచున్నాము. పాఠములకు ట్యూషను మాస్టరు, ఆటకు కోచ్ మాస్టరు. పిల్లవానికి తన తప్పు తాను తెలిసికొను సందు ఏ గంటకు దొరకునో చెప్పజాలము. కావున ఈ నెల మా పుటలను ఆ అమ్మమ్మగారి ప్రశ్నకే వినియోగించుచున్నాము.

మొదట ఆ ఆట సంగతి. ప్రక్కకు 11 మంది ఆడుదురు. మైదానము 100 గజముల పొడవు. బంతి చేతనున్న పక్షము నాలుగు ప్రయత్నములలో 10 గజములు ముందుకు సాగవలెను. సాగినచో మరల నాలుగు ప్రయత్నములు. లేనిచో బంతి ఎదిరిపక్షమునకు పోవును. ప్రయత్నమునకు ప్రయత్నమునకు నడుమ ఆట ఆగును. ఆ విరామమునందే తరువాతి పన్నుగడ నిర్ణయమగును. ఎవడు ఎటు పరుగెత్తవలెను, ఎవడు ఎవనిని అడ్డగింపవలెను, బంతి ఎవనికి చేరవలెను అనునవి యన్నియు అందుండును. బంతి మొదట అందుకొనువాడు క్వార్టర్‌బ్యాక్. అందుకొన్న తరువాత వానికి రెండు మూడు సెకండ్లకు మించి వ్యవధి లేదు. ఆ లోపల ఎదుటివారి వరుసను చూచి, తనవారిలో ఎవడు ఖాళీగానున్నాడో కనిపెట్టి, బంతిని విసరవలెను, లేదా తానే పరుగెత్తవలెను. ఆలస్యమైనచో మీద పడుదురు. మన చెడుగుడులో కూతకు పోయినవాని స్థితి దీనికి కొంత దగ్గర. వానికైనను ఇప్పటి పోటీలలో 30 సెకండ్ల కూత యున్నది. ఈ పిల్లవానికి అదియు లేదు.

పన్నుగడ ఎవరు చెప్పవలెను అను తగవు ఆ దేశమున పాతదే. పూర్వము చాలమంది క్వార్టర్‌బ్యాకులు మైదానమున తామే చెప్పెడివారు. క్లీవ్‌లండ్ జట్టు శిక్షకుడు పాల్ బ్రౌన్ అట్లు గాక, ప్రతి పన్నుగడను తానే నిర్ణయించి, ఆటగాండ్రచేత మాటిమాటికి కబురంపెడివాడు. 1956లో ఆయన మఱియొక అడుగు వేసి, జార్జి రాటర్‌మన్ అను క్వార్టర్‌బ్యాకు శిరస్త్రాణములో చిన్న రేడియో నమర్చి, గీటు వెలుపలనుండి వాని చెవిలో మాటలాడెను. ఆ యేడే లీగు అధికారులు దానిని నిషేధించిరి. 1994లో మరల అనుమతించిరి గాని, ఒక కట్టుబాటుతో అనుమతించిరి. ఆట మొదలుపెట్టవలసిన గడియారములో ఇంకను 15 సెకండ్లు మిగిలియుండగానే రేడియో మూగవోవలెను. అటుపిమ్మట గురువెంత యరచినను శిష్యుని చెవికి చేరదు. 2024 నుండి పెద్ద కళాశాలల పోటీలలోను ఇట్టి రేడియోను, ఇదే కట్టుబాటుతో, అనుమతించినారు. పాఠశాలలలో చేతి సైగలు, మణికట్టు పట్టీలు వాడుక. అమ్మమ్మగారు చూచినది ఆ పట్టీయే. దానిమీద పన్నుగడల పేర్లు సంఖ్యల క్రమమున వ్రాసియుండును. మాస్టరు సంఖ్య చూపినచో పిల్లవాడు పేరు చూచుకొనును.

ఆ 15 సెకండ్ల కట్టుబాటు మాకు మిక్కిలి నచ్చినది. దానిని చేసినవారి యుద్దేశము ఏదైనను, అందొక మంచి తెలివి యున్నది. పన్నుగడ గురువుది. కాని ఎదుటివారు ఆ నిమిషమున ఎట్లు నిలిచినారో చూడవలసిన కన్ను, దానికి తగినట్లు మార్చుకొనవలసిన బుద్ధి పిల్లవానివి. ఎదుటి వరుసను చూచి, చెప్పిన పన్నుగడ పనికిరాదని తోచినచో, క్వార్టర్‌బ్యాకు అప్పటికప్పుడు కేకవేసి మార్చుటయు ఆ ఆటలో కలదు. అయితే మార్చుకొను హక్కు పిల్లవానికి ఎప్పుడు, ఎంత ఇయ్యవలెను అనునదే శిక్షకుని నేర్పు. పెద్దవారి పన్నుగడల పొత్తమంతయు తొమ్మిదవ తరగతి పిల్లవాని నెత్తిన మోపినచో వాడు రెండు సెకండ్లలో ఏమి వెదకగలడు? మంచి శిక్షకుడు మొదట మైదానములో సగము మాత్రమే చూడుమనును. ఇద్దరిలో ఎవడు ఖాళీయో చెప్పుమనును. అది కుదిరిన పిమ్మట మూడవవానిని చేర్చును.

మణికట్టు పట్టీని చులకన చేయరాదనుటకు ఒక కథ యున్నది. 1965 డిసెంబరులో బాల్టిమోర్ జట్టునకు క్వార్టర్‌బ్యాకు లిద్దరును గాయపడిరి. శిక్షకుడు డాన్ షూలా గతిలేక టామ్ మ్యాటీ అను వానిని ఆ స్థానమున నిలిపెను. మ్యాటీ బంతి పట్టి పరుగెత్తు ఆటగాడే గాని విసరువాడు కాడు. వానికి పన్నుగడల పొత్తమును నేర్పుటకు దినములు లేవు. షూలా వానికి చేతనైన కొద్ది పన్నుగడలను ఏరి చిన్న పట్టీమీద వ్రాసి మణికట్టుకు కట్టించెను. ఆ పట్టీతో మ్యాటీ లాస్ ఏంజెలెస్ జట్టును 20-17 తేడాతో గెలిచెను. తరువాతి పోటీలో గ్రీన్ బే జట్టుతో అదనపు సమయము వఱకు పోరాడి 13-10 తేడాతో ఓడెను. పట్టీ వానిని బొమ్మను చేయలేదు. వానికి రానిది తీసివేసి, వచ్చినదానితో ఆడనిచ్చినది.

దీనికి ఎదురు కథ అలెక్స్ స్మిత్‌ది. 2005లో కళాశాలలనుండి వచ్చిన యువకులందఱిలో మొదటివానిగా శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు ఎన్నుకొన్న క్వార్టర్‌బ్యాక్ అతడు. మొదటి యేట గోలు గీటునకు చేర్చిన విసరులు 1, ఎదిరిపక్షము చేజిక్కించుకొన్నవి 11. వీడు పనికిరాడని అందఱును తేల్చిరి. ఆ యేడును తరువాతి యేండ్లును అతనికి జరిగినదేమి? పన్నుగడలు చెప్పు శిక్షకుడు దాదాపు ఏటేట మాఱుచు వచ్చెను. ఒకడు వచ్చును, తన భాష నేర్పును, పోవును. మఱియొకడు వచ్చి అదంతయు మఱచి తన భాష నేర్చుకొమ్మనును. పన్నుగడ పేరు ఏమిటని జ్ఞప్తి చేసికొనుచుండువానికి ఎదుటివాడు ఎట్లు కనబడును? 2011లో జిమ్ హార్బో అను శిక్షకుడు వచ్చి, అతనికి తగిన ఆటను కట్టి, నమ్మి నిలిపెను. ఆ యేడు జట్టు 16 పోటీలలో 13 గెలిచెను. స్మిత్ పోగొట్టుకొన్న విసరులు ఏడాది మొత్తముమీద 5. బాలుడు మాఱలేదు, చేయి మాఱలేదు. ఏటేట బడి మార్చి, ట్యూషను మార్చి, చివరకు పిల్లవాని తెలివినే శంకించు తలిదండ్రులు మన యూళ్లలో లేరా?

ఇక మన యింటి కథకు వత్తము. అమెరికాకు పోనక్కఱలేదు, హైదరాబాదు చాలును. మన కాలిబంతి ఆటకు సయ్యద్ అబ్దుల్ రహీమును మించిన గురువు ఈ దేశమున పుట్టలేదని మా యభిప్రాయము. 1909లో హైదరాబాదున జనించెను. వృత్తిచేత బడిపంతులు, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు పాఠశాలలలో పనిచేసినాడు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా 5 పర్యాయములు బొంబాయి రోవర్సు కప్పును గెలిచెను. ఆయన శిక్షణలో భారతజట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల బంగారు పతకములను పొందెను. 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచెను. ఆసియాఖండమునుండి ఒక జట్టు ఒలింపిక్ సెమీఫైనలు చేరుట అదియే మొదలు. 2024లో వచ్చిన మైదాన్ అను హిందీ చిత్రమును చూచినవారికి ఈ పేరు తెలిసియుండును. చిత్రములలో గురువులు చాల మాటలాడుదురు. రహీము ఘనత మాటలలో లేదు, అభ్యాసమును అమర్చుటలో నున్నది.

ఆ అమరిక వినదగినది. బంతి దొరకగానే దానిని కాలితో దొర్లించుకొనుచు, ఒకనిని తప్పించి, ఇద్దఱిని తప్పించి, జనముచేత భళి యనిపించుకొనవలెనని కుఱ్ఱవానికి ఉబలాటము. మన దేశపు ఆటగాండ్ర జబ్బు ఆ కాలమున అదియే. "బంతిని వెంటనే తోడివానికి ఇమ్ము" అని వేయిసార్లు అరవవచ్చును. రహీము అరచుటకు మాఱుగా, బంతిని దొర్లించుటయే కూడదను నియమముతో పోటీలు జరిపించెను. అందినదే తడవుగా మఱియొకనికి ఇచ్చి తీరవలెను. అట్లే బలహీనమైన కాలితో మాత్రమే తన్నవలెనను పోటీలును పెట్టించెను. ఇక పిల్లవానికి గీటు వంక చూచుటకు పనిలేదు. బంతి వచ్చులోపలనే తోడివాడు ఎక్కడనున్నాడో చూచుకొననిచో ఆట సాగదు గనుక, వాని కన్ను తానే పైకి లేచును. ఏమి చేయవలెనో ఎవరును చెప్పలేదు. చేయకుండ నుండుటకు వీలులేకుండ చేసినారు. బడిపంతులుగా పనిచేసినవానికి గాని తోచని యుపాయమిది.

పిల్లవానిని కనిపెట్టుటలోను ఆయన అట్టివాడే. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ బీదయింటి పిల్లవాడు. రహీము వాని ఆట చూచి హైదరాబాదునకు అభ్యాసమునకు రమ్మనెను. రోజును అంతదూరము వచ్చుటకు సొమ్ము లేదని పిల్లవాడు చెప్పగా, సైకిలు ఏర్పాటు చేసెనని బలరామే తరువాతి కాలమున చెప్పికొన్నాడు. ఆ బలరామ్ 20 ఏండ్ల ప్రాయమున మెల్‌బోర్నుకు పోయెను. 1960 రోము ఒలింపిక్సులో హంగరీ మీదను పెరూ మీదను గోళ్లు కొట్టెను. 1962లో జకార్తా బంగారు జట్టులో నుండెను. 2023లో కలకత్తాలో కాలముచేసెను. సైకిలు ఇచ్చుట ఏ శిక్షణ గ్రంథములోను ఉండదు.

అట్లని రహీము ఆటగాండ్రకే సమస్తమును వదలినాడని తలపరాదు. జకార్తాలో మొదటి పోటీలోనే మనవారు దక్షిణ కొరియా చేత 0-2 తేడాతో ఓడిరి. థాయిలండుతో జరిగిన పోటీలో వెనుక కాపుగాయు జర్నయిల్ సింగు తలకు దెబ్బ తగిలి 6 కుట్లు పడెను. ఆ తలతో వెనుక నిలిచి బంతిని అడ్డుకొనుట దుర్ఘటము. సెమీఫైనలులో రహీము అతనిని వెనుకనుండి తీసి అందఱికంటె ముందు, గోలు కొట్టువాని స్థానమున నిలిపెను. జర్నయిల్ ఆ పోటీలోను గోలు కొట్టెను. సెప్టెంబరు 4వ తేదీన జరిగిన ఫైనలులోను కొట్టెను. లక్షమంది ప్రేక్షకులలో మిక్కిలిమంది మనకు ఎదురుగా కేకలు వేయుచుండగా, పి.కె. బెనర్జీ ఒకటి, జర్నయిల్ ఒకటి కొట్టి, తమ్ము నోడించిన కొరియానే 2-1 తేడాతో ఓడించిరి. ఇట్టి నిర్ణయమును మైదానములోని ఆటగాడు చేయజాలడు. గీటు వెలుపల నిలిచి మొత్తమును చూచువాడే చేయవలెను. రహీమునకు అప్పటికే ఊపిరితిత్తుల పుండు ముదిరియున్నది. మఱుసటి యేడు 1963 జూను 11వ తేదీన ఆయన కాలముచేసెను.

కుట్లుపడిన తలతో ఆడుట గొప్పగా చెప్పుకొనుట మాకు సమ్మతము గాదు. ఆ సంగతి ముందు చెప్పుదుము.

పొడిగించి చెప్పుటవలన చెరుపు కలుగునని శాస్త్రజ్ఞులును పరీక్షించి చూచినారు. 1990లో అమెరికాలో కరొలీ విన్‌స్టీన్, రిచర్డ్ ష్మిట్ అనువారు కొందఱికి చేతితో ఒక మీటను ఒక తీరున కదపుట నేర్పిరి. కొందఱికి ప్రతి ప్రయత్నము కాగానే ఎంత తప్పినదో చెప్పిరి. కొందఱికి సగము పర్యాయములు మాత్రమే చెప్పి, తక్కినప్పుడు ఊరకుండిరి. తరువాత ఏమియు చెప్పక పరీక్షింపగా, సగమే చెప్పించుకొన్నవారు మేలుగా చేసిరి. ప్రతిసారి చెప్పించుకొన్నవాడు చెప్పువానిమీద ఆనుకొనును. సగము చెప్పించుకొన్నవాడు తన చేతినే విచారించును.

వంటయింటివారికి ఇది క్రొత్త గాదు. కోడలు పులుసు కాచుచుండగా అత్తగారు ప్రక్కన నిలిచి, ఇప్పుడు ఉప్పు, ఇప్పుడు బెల్లము, ఇప్పుడు దింపు అని చెప్పుచున్నంతకాలము పులుసు బాగుగనే యుండును. అత్తగారు పొరుగూరు పెండ్లికి పోయిననాడు చుట్టములు వత్తురు, అప్పుడు తెలియును. ఇక ఏమియు చెప్పని అత్తగారును కలరు. ఆమెవలన కోడలు నేర్చునది చేతులు కాల్చుకొనుటయే.

బాలికల తల్లులు అడుగకమునుపే సింధు మాట చెప్పవలెను. పి.వి. సింధు తలిదండ్రు లిద్దఱును వాలీబాల్ ఆటగాండ్రు. తండ్రి రమణగారు 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యపతకము గెలిచిన జట్టులోనివారు. ఆమె గురువు పుల్లెల గోపీచంద్, 2001లో ఆల్ ఇంగ్లండ్ పోటీని గెలిచినవాడు. సింధు చిన్ననాడు మైదానమున నోరు తెఱవని పిల్ల. గోపీచంద్ ఒకనాడు అకాడెమీలో తోడి పిల్లల నడుమ ఆమెను నిలిపి, గట్టిగా అరవుమనెను. అరచువఱకు రాకెట్టు ముట్టనీయనని చెప్పెను. పిల్ల ఏడ్చినదట. 2016లో రియో ఒలింపిక్సునకు ముందు 3 నెలలు ఆమె సెల్‌ఫోను తన కడనే యుంచుకొనెను. పదిమందిలో నిలిపి ఏడిపించుట మాకు నచ్చిన పద్ధతి గాదు. కాని ఆయన కోరినదేమో గమనింపుడు. తనకు ఎదురు పలుకవలదని గురువులు సామాన్యముగా కోరుదురు. ఈయన ఆ పిల్లను నోరు తెఱవుమని కోరెను. ఇంటిలో మనము బాలికకు నేర్పుచున్నది గట్టిగా మాటలాడకు మనియే గదా. బాడ్మింటనులో శిక్షకుడు వెనుక కుర్చీలో కూర్చుండి, బంతి ఆటలో లేనప్పుడు మాటలాడవచ్చును. ఒక్కరు 11 పాయింట్లు చేరినప్పుడు ఒక నిమిషము విరామమున్నది. ఆ నిమిషము దాటిన తరువాత నెట్టునకు ఈవల నున్నది ఆ పిల్ల ఒక్కతెయే. రియోలో సింధు రజతపతకము తెచ్చెను. 2019లో బాసెల్ నగరమున ప్రపంచ పోటీ తుదియాటలో జపాను క్రీడాకారిణి ఒకుహారాను 21-7, 21-7 తేడాతో గెలిచెను. ఆనాటికి గురువులు వేఱొకరును చేరియుండిరి; గొంతుక మాత్రము ఆమెదే.

యలమంచిలి అమ్మమ్మగారికి మా జవాబు ఇది. ఏడుపెంకులాట ఎవరును నేర్పలేదనుట సగము నిజము. పెద్దపిల్లలు నేర్పినారు, కాకున్న పెంకులు ఎట్లు పేర్చవలెనో మీ కుమార్తెకు పుట్టుకతో వచ్చినదా? మఱియు గుడ్డబంతి తగిలినచో వీపు చుఱుక్కుమనును, అంతే. మీ మనుమని ఆటలో బరువైన పిల్లలు పరుగున వచ్చి మీదబడుదురు. ఎట్లు పడవలెనో, ఎట్లు తప్పించుకొనవలెనో చెప్పు పెద్దవాడు అచ్చట తప్పక యుండవలెను. కావున బంతి చేతికి రాకముందు మాస్టరు చెప్పినట్లు వినుమనియే వ్రాయుడు. బంతి వచ్చిన తరువాత తన కన్ను చెప్పినట్లు చేయుమనుడు. తప్పు జరిగిన పిమ్మట మాస్టరు అడుగు మొదటిమాట ఏదియో మనుమని అడిగి తెలిసికొనుడు. "నీకేమి కనబడినది?" అని అడుగువాడైనచో, కేకలు వేసినను ఆయన మంచి గురువు. "నేనేమి చెప్పితిని?" అని మాత్రమే అడుగువాడైనచో, పిల్లవాడు ఈ యేడు గెలువవచ్చును గాని వచ్చే యేడు మఱియొక మాస్టరు వచ్చినప్పుడు తెల్లమొగము వేయును.

ఒక విషయమున మాత్రము ఏ మాస్టరు మాటయు వినవలసిన పనిలేదు. తలకు దెబ్బ తగిలి కన్నులు తిరిగినను, వాంతివచ్చినట్లున్నను, ఒక నిమిషము ఏమియు తోచకున్నను, పిల్లవాడు తానే చెప్పి గీటు దాటి బయటికి రావలెను. చెప్పినట్లు వినుటకే అలవాటుపడిన పిల్లవాడు, "ఏమీ లేదులే, పో" అన్నచో దానినిగూడ వినును. మాకు భయము కలిగించునది అదియే. అమెరికాలో 2009లో వాషింగ్టన్ రాష్ట్రముతో మొదలిడి 2014 నాటికి అన్ని రాష్ట్రములును ఇందుకు చట్టములు చేసినవి. టెక్సాసులో 2011లో చేసిన చట్టమును నటాషా చట్టమందురు; కాలిబంతి యాటలో తలకు దెబ్బలు తిన్న ఒక బాలిక పేరది. దానినిబట్టి మాస్టరో, వైద్యుడో, తల్లియో తండ్రియో తలకు దెబ్బ తగిలినదని భావించినచో పిల్లవానిని ఆటనుండి తీసివేయవలెను. ఆ దినమున మరల దింపరాదు. వైద్యుడు వ్రాతమూలకముగా ఒప్పుకొనక పంపరాదు. తల్లి మాటయు ఆ చట్టములో నున్నది. మీ కుమార్తె ఎఱిగియుండకపోయినచో, మా జవాబులో ఈ భాగమును తప్పక పంపుడు.

ఇచ్చట మన యూళ్లలో పిల్లలను వేసవి శిబిరమునకు పంపదలచినవారు, రుసుము చెల్లింపకముందు ఒకనాటి సాయంకాలము పోయి, పిల్లలకు కనబడకుండ పది నిమిషములు నిలుచుండి చూడుడు. పిల్లలు బంతి వంక చూచుచున్నారా, మాస్టరు వంక చూచుచున్నారా అను సంగతి ఆ పది నిమిషములలోనే తెలియును. అందులో ఒకటి రెండు నిమిషములైనను మాస్టరు నోరు మూసికొనియున్నచో, రుసుము నిక్షేపముగా చెల్లింపవచ్చును.